అక్షరానికి ముందు ఆలోచన

పాఠ్యభాగ సందర్భం

మనసులో భావం ఉండి, నోట మాట ఉండి, చేతికి మాత్రం అక్షరం లొంగని పిల్లలు ప్రతి ఊరిలోనూ ఉంటారు. వారిలో కొందరికి ఉన్న ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. ఈ ఇబ్బంది గల పిల్లలు తమ ఆలోచనలను వరుసగా కూర్చుకొని రచన చేయడానికి పెద్దలు ఏ విధంగా తోడ్పడవచ్చునో ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతపు జీవితం నేపథ్యంగా ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

వేసవి ఆరంభంలో భద్రాచలం పరిసరాల అడవులలో ఇప్పచెట్లు పూస్తాయి. రాత్రివేళ రాలిన పూలు తెల్లవారేసరికి చెట్టు కింద పరచుకొని ఉంటాయి. వాటిని ఏరి, ఎండబెట్టి, సంతలో అమ్ముకోవడం అక్కడి గిరిజన కుటుంబాలకు ఏటా జరిగే పని. పిల్లలు కూడా పెద్దల వెంట బుట్టలు పట్టుకొని వెళ్తారు.

అలా వెళ్ళి వచ్చిన ఐదో తరగతి బాలుణ్ణి ఒకణ్ణి ఊహించుకొందాం. "పూలు ఎలా ఏరారు నాయనా?" అని అడిగితే అతడు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. చీకటితోనే లేచిన సంగతి, దారిలో ఎలుగుబంటి అడుగులు చూసి భయపడిన సంగతి, పూల తీపి వాసన, సంతలో వచ్చిన డబ్బుతో చెల్లెలికి గాజులు కొన్న సంగతి అన్నీ అతని మాటలలో కనిపిస్తాయి. అదే బాలునికి కాగితం ఇచ్చి 'ఇప్పపూల సేకరణ' గురించి రాయమంటే చాలాసేపటికి రెండు వాక్యాలు మాత్రం వస్తాయి.

"మెము ఇప పులు ఎరము. అమ బుటలో పొసిది."

అంతటితో కలం ఆగిపోతుంది. ఎలుగుబంటి లేదు, వాసన లేదు, గాజులు లేవు. ఆ బాలుడు చెప్పగా విన్నవారు అతణ్ణి తెలివైనవాడని అంటారు. అతడు రాసినది మాత్రమే చూసినవారు మొద్దు అని అంటారు. మన పాఠశాలలలో మార్కులు వేసేది రాసినదానికే గనుక రెండవ అభిప్రాయమే నిలిచిపోతుంది. కొంతకాలానికి ఆ బాలుడు కూడా దానినే నమ్ముతాడు. బడి మానివేయడానికి ఆ నమ్మకం ఒక్కటే చాలు.

డిస్లెక్సియా అంటే ఏమిటి?

ఈ సమస్య కొత్తది కాదు. 1896లో ఇంగ్లాండుకు చెందిన ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు ఒక వైద్య పత్రికలో పద్నాలుగేళ్ళ బాలుని గురించి రాశాడు. ఆ బాలునికి చూపు బాగున్నది, తెలివి ఉన్నది, లెక్కలు వచ్చు. అయినా చిన్న చిన్న మాటలు సైతం చదవలేడు, తప్పు లేకుండా రాయలేడు. బోధన అంతా నోటిమాటగానే సాగితే బడిలో అందరికంటె చురుకైనవాడు అతడే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడినట్లు మోర్గాన్ తెలిపాడు. దానికి దాదాపు పదేళ్ళ ముందే జర్మనీకి చెందిన నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 'డిస్లెక్సియా' అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. ఈ మాట గ్రీకు భాష నుండి వచ్చినది. పదాలతో ఇబ్బంది అని దీని అర్థం.

మొదట్లో ఇది కంటికి సంబంధించిన లోపమని భావించారు. తరువాతి పరిశోధనలు వేరొక విషయాన్ని బయటపెట్టాయి. మనం మాట్లాడే పదంలోని ధ్వనులను విడదీసి గుర్తించడం, ఆ ధ్వనులను అక్షరాలతో జతపరచడం అనే పనులను ఈ పిల్లల మెదడు వేరొక తీరుగా, నెమ్మదిగా చేస్తుంది. ఇది తెలివితక్కువతనం కాదు, సోమరితనమూ కాదు. తల్లిదండ్రుల పెంపకంలోని లోపం అంతకంటె కాదు. పుట్టుకతో వచ్చే స్వభావం. కొన్ని కుటుంబాలలో తరతరాలుగా కనిపిస్తుంది. దీనిని మందులతో నయం చేయలేము. తగిన శిక్షణతో దీని వల్ల కలిగే ఇబ్బందిని మాత్రం చాలావరకు తగ్గించవచ్చును.

చదవడం, రాయడం, లెక్కలు చేయడం అనే వాటిలో కలిగే ఇటువంటి ఇబ్బందులన్నింటినీ కలిపి 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు' అంటారు. భాష ఏదైనా, దేశం ఏదైనా బడి ఈడు పిల్లలలో 5 నుండి 15 శాతం మందికి ఇవి ఉంటాయని అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన గ్రంథం పేర్కొన్నది. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరి నుండి ఆరుగురి వరకు అన్నమాట. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' అనే హిందీ చలనచిత్రం ఇటువంటి బాలుని కథను దేశమంతటికీ పరిచయం చేసింది.

తెలుగు లిపిలోని చిక్కులు

ఆంగ్లంలో పలుకు ఒకటి, రాత ఒకటి. తెలుగులో పలికినట్లే రాస్తాము గనుక మన పిల్లలకు ఈ బాధ ఉండదని కొందరు అనుకొంటారు. అది సగం నిజం. ధ్వనికీ అక్షరానికీ మధ్య పొందిక మన లిపిలో ఎక్కువే. కానీ నేర్చుకోవలసిన రూపాలు కూడా ఎక్కువే. ఒక్కొక్క హల్లుకు గుణింతం ఉన్నది. ఆపైన ఒత్తులు ఉన్నాయి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడ లిపిని పిల్లలు నేర్చుకొనే తీరును సొనాలీ నాగ్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2007లో ఫలితాలను ప్రకటించారు. అక్షరాలన్నీ పట్టుబడడానికి మామూలు పిల్లలకే కొన్ని సంవత్సరాలు పడుతుందని ఆ అధ్యయనం తెలిపింది. ఇక ధ్వనులను విడదీయడమే కష్టమైన పిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

'శక్తి' అనే మాటను తీసుకొందాం. ఇందులో రెండవ అక్షరాన్ని పలికేటప్పుడు క, త, ఇ అనే వరుసలో ధ్వనులు వినిపిస్తాయి. రాసేటప్పుడు మాత్రం చివర వినిపించే ఇకారపు గుర్తును ముందుగా 'క' నెత్తిన పెట్టి, నడుమ వినిపించే తకారాన్ని ఒత్తుగా కింద రాస్తాము. చెవికి ఒక వరుస, చేతికి మరొక వరుస. అలవాటైన మనకు ఈ తేడా కనిపించదు. డిస్లెక్సియా గల బాలుడు ప్రతిసారీ ఇక్కడ ఆగి ఆలోచించవలసి వస్తుంది. ప, వ, ష వంటి అక్షరాలు, మ, య వంటివి ఒకదానినొకటి పోలి ఉండడం, హ్రస్వదీర్ఘాల తేడా ఒక్క చిన్న గీతలో ఇమిడి ఉండడం వంటి చిక్కులు దీనికి తోడవుతాయి. పైన చూసిన బాలుని రాతలో ఒత్తులు, దీర్ఘాలు, సున్న జారిపోవడానికి కారణం ఇదే.

రచనలో మూడు పనులు

అక్షరదోషాలు కనిపించే లోపం. కనిపించని నష్టం మరొకటి ఉన్నది. అది ఆలోచనలు చెదరిపోవడం.

రచన చేసేటప్పుడు మనిషి మనసులో ఏమి జరుగుతుందో జాన్ హేస్, లిండా ఫ్లవర్ అనే అమెరికా పరిశోధకులు 1980 ప్రాంతంలో విశ్లేషించారు. ఏమి చెప్పాలో, ఏ వరుసలో చెప్పాలో నిర్ణయించుకోవడం మొదటి పని. దానిని వాక్యాలుగా మార్చి కాగితంపై పెట్టడం రెండవ పని. రాసినదానిని చూసుకొని సరిదిద్దుకోవడం మూడవ పని. ఈ మూడూ ఒకదాని తరువాత ఒకటిగా కాక, కలగాపులగంగా ఒకేసారి సాగుతుంటాయి. వీటన్నింటినీ మోసేది మన తాత్కాలిక జ్ఞాపకశక్తి. దాని బుట్ట చిన్నది.

అక్షరం అప్రయత్నంగా చేతికి వచ్చేవారికి ఆ బుట్టలో భావాలకు చోటు మిగులుతుంది. డిస్లెక్సియా గల బాలుని విషయంలో ఒక్క ఒత్తు గురించిన తర్జనభర్జనే ఆ చోటంతా ఆక్రమిస్తుంది. 'ఇప్ప'లో ఒత్తు ఏదో తేల్చుకొనేలోగా ఎలుగుబంటి సంగతి మరపున పడిపోతుంది. దాని చోట రాయడానికి సులువైన మాట ఏదో వచ్చి కూర్చుంటుంది. అందువల్ల అతని రచనలు పొట్టిగా, పొందిక లేకుండా ఉంటాయి. మనం చూసేది భావదారిద్ర్యం కాదు, భారం ఎక్కువై భావం జారిపోవడం.

దీనికి రుజువు ఉన్నది. చార్లెస్ మెకార్థర్, స్టీవ్ గ్రాహమ్ అనే పరిశోధకులు అభ్యసన వైకల్యం గల ఐదు, ఆరు తరగతుల పిల్లల చేత మూడు విధాలుగా కథలు చెప్పించి, 1987లో ఫలితాలను ప్రచురించారు. చేతితో రాసిన కథల కంటె, కంప్యూటరులో కొట్టిన కథల కంటె, నోటితో చెబుతుండగా ఇతరులు రాసిన కథలు నిడివిలోనూ, నాణ్యంలోనూ మెరుగ్గా ఉన్నాయి. పిల్లలు వారే, తెలివి అదే. మారినది భారం ఒక్కటే. కనుక ఆలోచనను కూర్చుకొనే పనిని, అక్షరం రాసే పనిని వేరుచేయడమే ఈ పిల్లలకు చేయవలసిన మొదటి సహాయం.

ఇంటి భాష, బడి భాష

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో ఉపాధ్యాయులు మరొక విషయంలో జాగ్రత్త వహించవలసి ఉన్నది. అక్కడి అటవీ గ్రామాలలో అనేకమంది పిల్లల ఇంటి భాష కోయ. అది గోండికి దగ్గరైన ద్రావిడ భాష. లంబాడీ పిల్లల ఇంటి భాష వేరొక భాషాకుటుంబానికి చెందినది. వీరికి తెలుగు బడిలో ఎదురయ్యే భాష. తెలుగులో తడబడే ప్రతి గిరిజన బాలునికీ డిస్లెక్సియా ఉన్నదని అనుకోవడం పొరపాటు. "అడవి పిల్లలకు చదువు రాదు" అని తోసిపుచ్చి, నిజంగా డిస్లెక్సియా ఉన్న బాలుణ్ణి గుర్తించకపోవడం అంతకంటె పెద్ద పొరపాటు.

ఈ రెండింటినీ వేరుచేయడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నాయి. భాష కొత్త కావడమే కారణమైతే, తెలుగు మాటలు వచ్చే కొద్దీ చదువు కూడా వేగం అందుకొంటుంది. అదే పరిస్థితులలో ఉన్న తోటి పిల్లలు ముందుకు సాగుతున్నా, శ్రద్ధగా నేర్పినా ఒకరు మాత్రం అక్షరాల దగ్గరే ఆగిపోతే, ఇంటి భాషలో కూడా ప్రాసమాటలు చెప్పడం, మాటలోని ధ్వనులను విడదీయడం కష్టమవుతుంటే అప్పుడు డిస్లెక్సియాను అనుమానించాలి. తుది నిర్ణయం నిపుణులదే.

పిల్లల ఇంటి భాషను బడిలోనికి రానివ్వాలనే ఆలోచన మనకు కొత్త కాదు. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాషను స్వయంగా నేర్చుకొని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను కొన్ని పాఠశాలలలో ప్రారంభించింది. రచనకు సంబంధించి దీని నుండి మనం గ్రహించవలసినది ఇది. తెలుగులో రాయవలసిన వ్యాసానికైనా ఆలోచనను ఇంటి భాషలో సమకూర్చుకోవచ్చును.

పడిగె చెప్పే పాఠం

లిపి లేకుండా ఒక పెద్ద కథను క్రమం తప్పకుండా నిలుపుకోవడం సాధ్యమేనా? సాధ్యమేనని కోయల సంస్కృతి నిరూపిస్తున్నది. కోయలలో డోలీలు అనే కళాకారులు ఉన్నారు. వంశాల పుట్టుక, ఇలవేల్పుల చరిత్ర, వీరుల కథలు పండుగలలో, జాతరలలో డోలు వాయిస్తూ పాడడం వారి వృత్తి. వారి వద్ద పడిగె అనే త్రికోణాకారపు వస్త్రం ఉంటుంది. దానిపై ఆ కథకు సంబంధించిన బొమ్మలు ఉంటాయి. బొమ్మ కథను గుర్తుచేస్తుంది, పాట దానిని వివరిస్తుంది. సమ్మక్క సారలమ్మల కథను కోయ, తెలుగు భాషలలో పాడిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందినవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

డోలీ కళకూ డిస్లెక్సియాకూ సంబంధం లేదు. అయితే అక్షరం లేకుండానే ఆలోచనకు క్రమం కల్పించవచ్చునని, ఆ క్రమాన్ని బొమ్మల సహాయంతో కాపాడుకోవచ్చునని పడిగె మనకు తెలుపుతున్నది. నేటి విద్యావేత్తలు ఈ పిల్లలకు సూచించే భావచిత్రాలు, కథాపటాలు కూడా ఇదే సూత్రం మీద ఆధారపడినవి. ఇక ఆ పద్ధతిని ఇప్పపూల బాలుని విషయంలో వరుసగా చూద్దాం.

ఆలోచనకు క్రమం కల్పించే విధానం

మొదటిది చెప్పనివ్వడం. బాలుని ఎదుట కూర్చుని, ఆ ఉదయం ఏమి జరిగిందో అడగాలి. కోయలో చెప్పినా సరే. నడుమ తప్పులు దిద్దకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ప్రశ్నలతో మాత్రమే కదిలించాలి. సెల్‌ఫోను ఉంటే ఆ మాటలను రికార్డు చేసి అతనికే వినిపించవచ్చును. తాను చెప్పినదానిని తానే విన్న బాలునికి, తన దగ్గర సరుకు ఉన్నదనే ధైర్యం కలుగుతుంది.

రెండవది చీటీలు. పాత క్యాలెండరు కాగితాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కపై ఒక్కొక్క సంగతి పెట్టించాలి. బొమ్మ కావచ్చు, ఒక్క మాట కావచ్చు. అక్షరదోషం ఉన్నా పట్టించుకోరాదు. చీకట్లో చెట్టు, ఎలుగుబంటి, బుట్ట, చీపురు, ఎండలో పరచిన పూలు, సంత, గాజులు, తమ కుక్క. ఇలా ఎనిమిది చీటీలు తయారయ్యాయని అనుకొందాం. ఇప్పుడు అతని ఆలోచనలు చాపమీద ఉన్నాయి. వాటిని మనసులో మోయనక్కరలేదు.

మూడవది ఎంపిక, వరుస. కుక్క బొమ్మను చూపి, "ఇది పూల కథలోనిదేనా?" అని అడగాలి. కాదని తోస్తే అతడే పక్కన పెడతాడు. రచనలో ఏది వదలాలో తెలుసుకోవడం కూడా పాఠమే. మిగిలిన చీటీలను కాలక్రమంలో పేర్చమనాలి. ఎలుగుబంటి ఎక్కడ ఉండాలి? ఇప్పపూలంటే ఎలుగుబంటికి ఇష్టం. అది వస్తుందనే భయంతోనే అందరూ గుంపుగా వెళ్తారు. కనుక అతడు దానిని మొదటనే, గుంపు బయలుదేరే ముందు పెడతాడు. ఇక్కడ ఒక విశేషం గమనించండి. చీటీని జరపడం ద్వారా అతడు కారణాన్ని, కార్యాన్ని కలిపాడు. 'కాబట్టి' అనే మాట ఇంకా రాయలేదు. దాని వెనుక ఉన్న ఆలోచన మాత్రం అప్పుడే పూర్తయింది.

నాలుగవది ఐదు వేళ్ళ లెక్క. బొటనవేలు ప్రారంభం, నడుమ మూడు వేళ్ళు మూడు ముఖ్య విషయాలు, చిటికెన వేలు ముగింపు. చీకటితో బయలుదేరడం ప్రారంభం. చెట్టు కింద ఊడ్చి పూలు ఏరడం, ఎండబెట్టడం, సంతలో అమ్మడం మూడు విషయాలు. చెల్లెలి గాజులు ముగింపు. కాగితం మరచినా చేయి ఎప్పుడూ వెంట ఉంటుంది గనుక పరీక్షలో కూడా ఇది ఉపయోగపడుతుంది.

ఐదవది మాటల మూట. 'ఇప్పపూలు', 'ఎలుగుబంటి', 'బుట్ట', 'ఎండబెట్టడం' వంటి పది మాటలను పెద్ద అక్షరాలతో రాసి ఎదుట ఉంచాలి. ఒత్తు కోసం తడుముకోనక్కరలేదు. చూసి రాసుకోవచ్చును.

ఆరవది చిత్తుప్రతి. ఒక్కొక్క చీటీకి ఒక్కొక్క చిన్న వాక్యం. తెలుగు వాక్యంలో సమాపక క్రియ చివర వస్తుంది. 'లేచి, వెళ్ళి, ఊడ్చి, ఏరి, తెచ్చి' అంటూ అసమాపక క్రియలను గొలుసుగా కూర్చుకుంటూ పోతే ఈ బాలుడు చివరికి చేరేసరికి మొదలు మరచిపోతాడు. కనుక మొదట సామాన్య వాక్యాలే రాయించాలి. 'మేము చీకటితో లేచాము. అడవికి వెళ్ళాము.' తరువాత వాటిని 'మేము చీకటితో లేచి అడవికి వెళ్ళాము' అని కలపడం నేర్పాలి. మీరు వ్యాకరణంలో చదువుకొనే సంశ్లిష్ట వాక్యం ఇక్కడ అతనికి నిచ్చెనలా పనికివస్తుంది.

ఏడవది సరిదిద్దడం. కాగితమంతా ఎర్రసిరాతో నింపడం వల్ల ఉపయోగం లేదు. మొదటిసారి చదివినప్పుడు భావాన్ని మాత్రమే చూడాలి. చీటీలన్నీ వచ్చాయా, వరుస కుదిరిందా అని. రెండవసారి వాక్యాలను చూడాలి. చివరిసారి మాత్రమే అక్షరాలను, అదీ ఒక్కరోజున ఒక్క రకం తప్పునే, చూడాలి. ఈ రోజు ఒత్తులైతే ఒత్తులే.

ఈ సహాయమంతా శాశ్వతం కాదు. సైకిలు నేర్పేవాడు మొదట పట్టుకొని, తరువాత పక్కన పరుగెత్తి, చివరికి వదిలివేస్తాడు. అలాగే మొదట పెద్దలు చేసి చూపాలి, తరువాత కలిసి చేయాలి, ఆపైన బాలుడే తనకు తాను 'నా చీటీలు పూర్తయ్యాయా? వరుస కుదిరిందా?' అని ప్రశ్నించుకొనే స్థితికి రావాలి. ప్రణాళికను, స్వీయ పరిశీలనను ఇలా విడివిడిగా నేర్పే పద్ధతిని కారెన్ హారిస్, స్టీవ్ గ్రాహమ్ అనే విద్యావేత్తలు 1980వ దశకం నుండి అభివృద్ధి చేశారు. మందకొడిగా రాసే పిల్లలలోనే కాక మామూలు పిల్లలలో కూడా అది మంచి ఫలితాలనిచ్చింది.

ఒక హెచ్చరిక అవసరం. ఆలోచనకు క్రమం కల్పించినంత మాత్రాన అక్షరాల ఇబ్బంది తొలగిపోదు. ధ్వనులను, గుణింతాలను, ఒత్తులను ఓపికగా, క్రమపద్ధతిలో నేర్పే శిక్షణ వేరుగా సాగుతూనే ఉండాలి. కాకపోతే అక్షరం వచ్చేదాకా ఆలోచనను ఆపి ఉంచకూడదు.

చట్టం కల్పించిన ఆసరా

ఈ సహాయం దయాదాక్షిణ్యాలకు సంబంధించినది కాదు, హక్కుకు సంబంధించినది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. అందులో డిస్లెక్సియాకు చోటు లేదు. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాలను గుర్తించి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను వాటిలో చేర్చింది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. పిల్లలలో ఈ వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధనా పద్ధతులను అనుసరించాలని చట్టం విద్యాసంస్థలను ఆదేశిస్తున్నది. అర్హులైన అభ్యర్థులకు పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2018లో జారీచేసిన మార్గదర్శకాలు పేర్కొన్నాయి. చేతిరాతకు ఆటంకం కలిగించే వైకల్యం గల ఒక అభ్యర్థి వేసిన వ్యాజ్యంలో, వైకల్యం నలభై శాతానికి చేరలేదనే కారణంతో లేఖకుని సహాయాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న తీర్పు చెప్పింది.

చట్టం అడవి అంచున ఉన్న ఊరికి తనంత తాను నడిచి రాదు. అనుమానం కలిగినప్పుడు ఉపాధ్యాయుడు తల్లిదండ్రులతో మాట్లాడాలి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం ఏర్పాటైన భవిత కేంద్రాలను సంప్రదించవచ్చును. అక్కడి నుండి మనస్తత్వ నిపుణుల పరీక్షకు, ప్రభుత్వ వైద్యమండలి ధ్రువపత్రానికి దారి తెలుసుకోవచ్చును. ధ్రువపత్రం రావడానికి ఆలస్యం కావచ్చు. చీటీలు కత్తిరించడానికి మాత్రం ఏ పత్రమూ అక్కరలేదు.

విద్యార్థులారా! మీ ఇంట తమ్ముడో, చెల్లెలో ఉండవచ్చు. మీ వీధిలో బడి మానివేయబోతున్న బాలుడు ఉండవచ్చు. పరీక్ష గదిలో అన్నీ తెలిసి ఏమీ రాయలేకపోయిన స్నేహితుడు ఉండవచ్చు. అది మీరే కావచ్చు. "ఏమీ రాయలేదేం?" అని ప్రశ్నించడానికి ముందు "ఏం చెప్పాలని ఉంది?" అని ఒక్కసారి అడిగి చూడండి. ఇప్పపూల బాలుడు ఆ ప్రశ్నకు సమాధానంగా ఎనిమిది చీటీలు పరిచాడు. అందులో ఒకటి పక్కన పెట్టి, ఏడింటితో తన ఉదయాన్ని చెప్పాడు. చివరికి అతని కాగితంపై ఇంకా రెండు మూడు ఒత్తులు జారిపోయి ఉండవచ్చు. కానీ ఎలుగుబంటి ఉన్నది, పూల వాసన ఉన్నది, చెల్లెలి గాజులు ఉన్నాయి.

కఠిన పదాలు - అర్థాలు

అప్రయత్నంగా = ప్రయత్నం లేకుండా, తనంత తానుగా
అభ్యసనం = నేర్చుకోవడం
ఆనవాలు = గుర్తు
ఇలవేల్పు = కులదైవం
కలగాపులగం = అన్నీ కలిసిపోయిన స్థితి
చిత్తుప్రతి = మొదటిసారి రాసుకొన్న ప్రతి
తర్జనభర్జన = ఎటూ తేలని ఆలోచన, వాదన
దారిద్ర్యం = లేమి
నిర్దిష్టం = ఫలానా అని నిర్ణయించబడినది
లేఖకుడు = ఇతరులు చెబుతుండగా రాసేవాడు
వాచకం = చదువు నేర్పే పుస్తకం
వ్యాజ్యం = న్యాయస్థానంలో వేసిన దావా

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డిస్లెక్సియా గల పిల్లల ఆలోచనలకు క్రమం కల్పించే విధానాన్ని వివరించండి.
2. 'అక్షరం వచ్చేదాకా ఆలోచనను ఆపి ఉంచకూడదు' అనే అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగు లిపి నేర్చుకోవడంలో ఎదురయ్యే చిక్కులను తెలపండి.
2. భాష కొత్త కావడం వల్ల కలిగే ఇబ్బందికీ డిస్లెక్సియాకూ గల భేదం ఏమిటి?
3. కోయల పడిగె నుండి రచయిత గ్రహించిన పాఠం ఏమిటి?

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ప్రింగిల్ మోర్గాన్ తన పరిశీలనను ఏ సంవత్సరంలో ప్రకటించాడు?
2. సవర భాషలో వాచకాలు తయారుచేసినవారు ఎవరు?
3. 2016 నాటి చట్టం ఎన్ని రకాల వైకల్యాలను గుర్తించింది?
4. ఐదు వేళ్ళ లెక్కలో చిటికెన వేలు దేనికి గుర్తు?

ఈ) కింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.
విద్యార్థులు, త్రికోణాకారం, ఏదైనా

ఉ) కింది పదాలకు విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి.
తల్లిదండ్రులు, అక్షరదోషం, ఐదు వేళ్ళు

ఊ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో జరిగే ఒక పనిని గురించి మీ ఇంటిలోని చిన్నపిల్లల చేత చెప్పించి, వారి చేతనే చీటీలపై బొమ్మలు వేయించి, ఆ వరుస ప్రకారం ఒక పేజీ రచన సిద్ధం చేయించండి.